వెన్న శాతంతో పాటు వెన్న గుణానికీ ధర కట్టండి: పాడి సమాఖ్యకు, పశుసంవర్ధక శాఖకు బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర పాడి పరిశ్రమాభివృద్ధి సహకార సమాఖ్య మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
రాష్ట్ర పశుసంవర్ధక శాఖ సంచాలకుల వారికి,

విషయం: పాలలోను, గొర్రె మాంసంలోను కొవ్వు గుణాన్ని మేత ద్వారా మెరుగుపరచడం గురించి, దానికి తగిన ధర ఏర్పాటు గురించి.

ఆర్యా,

పాల సేకరణ కేంద్రాల్లో జరిగే వెన్న పరీక్ష మీకు తెలియనిది కాదు. బ్యూటిరోమీటరు గొట్టంలో 10 మిల్లీలీటర్ల గంధకికామ్లం పోసి, దాని మీద 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్ చేర్చి, బిరడా బిగించి, అరచేతికి సెగ తగిలేదాకా కుదిపి, ఆపై యంత్రంలో గిరగిరా తిప్పితే గొట్టం మెడలో పసుపుపచ్చని కొవ్వు తేలుతుంది. అది ఎన్ని గీతల మేర నిలిచిందన్నదాన్ని బట్టి, ఎస్.ఎన్.ఎఫ్. (పాలలో కొవ్వు కాని ఘనపదార్థాలు) తో కలిపి, రైతు లీటరు ధర తేలుతుంది. ఇప్పుడు చాలా కేంద్రాల్లోకి ఎనలైజర్లు వచ్చి యాసిడ్ సీసాల బాధ తప్పింది. అయితే పాత గొట్టం చెప్పినా కొత్త యంత్రం చెప్పినా తెలిసేది వెన్న ఎంత అన్నంతవరకే. ఆ వెన్నలో ఏముంది, అది తాగేవాళ్ల ఒంటికి ఎలాంటిది అనే ప్రశ్న సేకరణ కేంద్రంలో గానీ, డెయిరీలో గానీ, అమ్మకపు బూత్‌లో గానీ ఎవరూ అడగడం లేదు.

నేను దాణా మిల్లుల ప్రయోగశాలల్లో చెక్కలు, తవుళ్లు పరీక్షించే పని చేసి విరమించినవాడిని. ఈ లేఖలో నా మనవి ఒక్కటే. పాలకు ధర కట్టేటప్పుడు, మాంసం కోసం గొర్రెలను బలిపించే పథకాలు రాసేటప్పుడు, కొవ్వు పరిమాణంతో పాటు కొవ్వు గుణాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. ఆ గుణాన్ని చాలావరకు మేత నిర్ణయిస్తుంది కనుక, మంచి మేతకు పెట్టిన ఖర్చు రైతుకు తిరిగి చేరే దారి చూపండి.

మేతను బట్టి కొవ్వు మారుతుందన్నది మన దేశానికి కొత్త సంగతేమీ కాదు. నెయ్యి స్వచ్ఛతను పట్టుకోవడానికి వాడే రైకర్ట్-మైసెల్ విలువ మీ రసాయన విభాగాల వారికి కంఠస్థమే. నెయ్యిలో బ్యూటిరిక్ వంటి చిన్న గొలుసు కొవ్వు ఆమ్లాలు ఎంత ఉన్నాయో అది చెబుతుంది. అగ్‌మార్క్ ప్రమాణాల్లో మామూలు నెయ్యికి ఆ విలువ 28 కంటే తగ్గరాదన్నారు. అదే పత్తి పండే ప్రాంతాల వేసవి నెయ్యికి 21 వరకు సడలింపు ఇచ్చారు. కారణం, అక్కడి పశువులు పత్తిగింజలు తింటాయి. కల్తీ లేకుండానే, కేవలం మేత వల్లనే, నెయ్యి రసాయన స్వభావం ఇంతగా మారుతుందని ప్రభుత్వ ప్రమాణమే ఒప్పుకొన్నదన్నమాట. కల్తీ పట్టుకోవడానికి ఆ జ్ఞానం అక్కరకు వచ్చింది. రైతుకు ధర కట్టడానికి మాత్రం రాలేదు.

పత్తిగింజ సంగతి ఇంకాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే దేశంలో పత్తి ఎక్కువగా పండించే రాష్ట్రాల్లో మనదొకటి, మన బర్రెల తొట్టిలో పత్తిగింజల చెక్కకే పెద్దపీట. అందులోని పొడవు గొలుసు కొవ్వు ఆమ్లాలు రక్తం ద్వారా పొదుగుకు చేరినప్పుడు, పొదుగు స్వయంగా తయారుచేసుకునే చిన్న గొలుసు ఆమ్లాల ఉత్పత్తి తగ్గుతుంది. నెయ్యి విలువ 28 నుంచి కిందికి జారేది ఇందుకే. రెండోది దీనికంటే ముఖ్యమైన సంగతి. పత్తిగింజ నూనెలో స్టెర్క్యులిక్, మాల్వాలిక్ అనే ఆమ్లాలు కొద్ది మోతాదులో ఉంటాయి. గట్టి స్టియరిక్ ఆమ్లాన్ని మెత్తని ఓలియిక్ ఆమ్లంగా మార్చే డెల్టా-9 డీశాచురేజ్ అనే ఎంజైమును అవి అడ్డుకుంటాయి. ఫలితంగా నెయ్యి మరింత గట్టిగా, పెద్ద పూసతో పేరుకుంటుంది. పూసకట్టిన నెయ్యి అంటే మన ఇళ్లలో మెచ్చుకోలు. ఆ పూస పశువు జాతి వల్ల వచ్చిందా, నెయ్యిని నిదానంగా చల్లార్చడం వల్ల వచ్చిందా, పత్తిచెక్క వల్ల వచ్చిందా అన్నది సీసా చూసి చెప్పడం నా వంటివాడికి కూడా సాధ్యం కాదు. రంగు కూడా అంతే. ఆవు నెయ్యి పచ్చగా ఉంటే అది పచ్చిమేత తిన్నదని కొంతవరకు అనుకోవచ్చు. బర్రె మాత్రం కెరోటిన్‌ను దాదాపు పూర్తిగా విటమిన్ ఎ గా మార్చేసుకుంటుంది కనుక, ఎంత పచ్చిగడ్డి తిన్నా దాని నెయ్యి తెల్లగానే ఉంటుంది. హైదరాబాద్‌లో అమ్ముడుపోయే పాలలో బర్రె పాల వాటా పెద్దది కాబట్టి, వినియోగదారుడు రంగు చూసి నాణ్యత తేల్చుకునే వీలు లేదు. కొలవవలసినది సంస్థలే.

నెమరువేసే జంతువు తిన్న కొవ్వు తిన్నట్టుగా పాలలోకి రాదు. పచ్చి ఆకులోని కొవ్వులో సగానికి పైగా లినోలెనిక్ ఆమ్లమే, అంటే మనం ఒమేగా-3 అని పిలుచుకునే వర్గానికి చెందినదే. అది పెద్దపొట్టలోకి చేరగానే అక్కడి సూక్ష్మజీవులు దానికి హైడ్రోజన్ ఎక్కించి గట్టిపరుస్తాయి. అసంతృప్త ఆమ్లాలు ఆ సూక్ష్మజీవులకు విషతుల్యం కనుక, తమను కాపాడుకోవడానికే అవి ఆ పని చేస్తాయి. పొట్టలో పడిన లినోలెనిక్ ఆమ్లంలో 85 నుంచి 100 శాతం దాకా, లినోలిక్ ఆమ్లంలో 70 నుంచి 95 శాతం దాకా ఇలా మారిపోతాయి. పాల కొవ్వులో 65 నుంచి 70 శాతం సంతృప్తమే కావడానికి ఇదొక ప్రధాన కారణం. పొదుగు స్వయంగా అల్లుకునే ఆమ్లాలు సంతృప్తమైనవే కావడం మరో కారణం.

అయితే ఈ మార్పు ఒక్క అంగలో జరగదు. నడుమ వాక్సెనిక్ ఆమ్లం అనే మజిలీ ఒకటుంది. పీచు బాగా ఉన్న మేత తిని, పెద్దపొట్టలో ఆమ్లత్వం అదుపులో ఉన్న పశువులో వాక్సెనిక్ ఆమ్లం కొంత తప్పించుకుని రక్తంలోకి, అక్కడి నుంచి పొదుగుకు చేరుతుంది. పైన చెప్పిన డీశాచురేజ్ ఎంజైమే పొదుగులో దాన్ని రుమెనిక్ ఆమ్లంగా మారుస్తుంది. సి.ఎల్.ఎ. (కాంజుగేటెడ్ లినోలిక్ ఆమ్లం) అని శాస్త్రజ్ఞులు పిలిచే వర్గంలో పాలలో అధికంగా ఉండేది ఇదే. ఎండుమేత మీద బతికే పశువు పాల కొవ్వులో అది అర శాతం అటూఇటుగా ఉంటే, పచ్చిక మేసే పశువులో ఒక శాతం దాటడం మామూలే. ఇదే ఎంజైమును పత్తిగింజ నూనె అడ్డుకుంటుందని ఇంతకుముందే చెప్పాను. కాబట్టి ఒక చేత్తో పచ్చిమేత వేసి మరో చేత్తో పత్తిచెక్క ఎక్కువగా గుమ్మరిస్తే మొదటిదాని ఫలితం కొంత పోగొట్టుకున్నట్టే.

దీనికి ఎదురు దారి కూడా ఉంది. పీచు తక్కువ, పిండి పదార్థం ఎక్కువ ఉన్న దాణా మీదికి నూనె తోడైతే పెద్దపొట్టలో మార్పు పట్టాలు తప్పుతుంది. ట్రాన్స్-10 వర్గపు ఆమ్లాలు పుడతాయి. అందులో ఒకటి పొదుగులో కొవ్వు తయారీనే నిలువరించి వెన్న శాతాన్ని పడగొడుతుంది. నగర శివార్ల తబేలాలలో బీరు ఫ్యాక్టరీల తడి పిప్పి, మొక్కజొన్న పిండి, హోటళ్ల నుంచి తెచ్చిన మిగులు అన్నం దండిగా వేసి, గడ్డి మాత్రం నామమాత్రంగా పెట్టేచోట, పాలు బాగానే ఇస్తున్న బర్రెకు ఉన్నట్టుండి వెన్న ఎందుకు పడిపోయిందని యజమాని తలపట్టుకుంటాడు. చాలాసార్లు జవాబు ఆ తొట్టిలోనే ఉంటుంది.

వెన్న పడిపోతే ధర పడిపోతుంది. అందుకే రైతుకు దొరికే తేలిక మందు బైపాస్ ఫ్యాట్. మన మార్కెట్‌లో ఈ పేరుతో దొరికే సంచుల్లో అధికభాగం పామాయిల్ శుద్ధిలో మిగిలే కొవ్వు ఆమ్లాలను కాల్షియంతో కలిపి చేసినవే. అది పెద్దపొట్టలో కరగకుండా దాటిపోతుంది కాబట్టి పీచు అరుగుదలకు అడ్డం రాదు, పశువుకు శక్తినిస్తుంది, వెన్న శాతాన్ని నిలబెడుతుంది. ఈనిన తొలి రెండు మూడు నెలల్లో, తిన్నదానికంటే ఎక్కువ పాలిచ్చి చిక్కిపోయే పశువుకు రోజుకు 100 నుంచి 200 గ్రాములు ఇవ్వడాన్ని నేను తప్పుపట్టను. ఆ సలహా నేనూ ఎందరికో ఇచ్చాను. పామాయిల్‌లో 40 శాతానికి పైగా ఉండేది పామిటిక్ ఆమ్లం. దాన్ని ఏడాది పొడుగునా, కేవలం వెన్న గీతలు పెంచడానికి వేసినప్పుడు పాల కొవ్వులోకి చేరేది కూడా అదే. రక్తంలో చెడ్డ కొలెస్టరాల్‌ను పెంచే ఆమ్లాల్లో పామిటిక్ ఒకటని పోషకాహార శాస్త్రం చాలాకాలంగా చెబుతోంది. ఇక్కడొక మెలిక గమనించండి. పాల కొవ్వు గుణాన్ని తగ్గించే పద్ధతికి మన ధరల పట్టిక ఎక్కువ డబ్బిస్తోంది, పెంచే పద్ధతికి ఏమీ ఇవ్వడం లేదు. రైతు చేసేది తప్పని నేననను. ఎటు డబ్బుంటే అటు నడుస్తున్నాడు.

ఇతర దేశాల్లోనూ ఈ చిక్కు వచ్చింది. 2021లో కెనడాలో, ఇంట్లో పెట్టిన వెన్న మునుపటిలా మెత్తబడడం లేదని గృహిణులు, వంటవాళ్లు ఫిర్యాదు చేశారు. వెన్న గట్టిపడడానికి పశువులకు పెట్టే పామ్ కొవ్వొక్కటే కారణమా అన్నదానిమీద వాదోపవాదాలు నడిచాయి గానీ, ఫిబ్రవరిలోనే అక్కడి పాడి రైతుల జాతీయ సంఘం పశువులకు పామ్ కొవ్వు బదులు వేరే దారి చూసుకోమని సభ్యులను కోరింది. నెదర్లాండ్స్‌లో దారి వేరు. ఏడాదిలో కనీసం 120 రోజులు, రోజుకు 6 గంటలైనా ఆవులను పచ్చికలో మేపిన రైతు పాలకు ప్రత్యేక గుర్తు, దానిమీద అదనపు ధర. ఫ్రాన్స్‌లో 2000లో మొదలైన బ్లూ-బ్లాన్-కర్ అనే సంఘం దాణాలో అవిసె గింజలను ఉడికించి చేర్చి, పాలలోను మాంసంలోను వచ్చిన మార్పును ప్రయోగశాలలో కొలిచి చూపుతుంది. మన దగ్గర అంత పచ్చిక బయళ్లు ఎక్కడివి అని మీరు అడగవచ్చు. నేను పచ్చిక బయళ్లు అడగడం లేదు. మేతను చూసి, ఫలితాన్ని కొలిచి, డబ్బు ఇవ్వవచ్చన్న పద్ధతిని మాత్రమే అక్కడి నుంచి తీసుకోమంటున్నాను.

మన మేతలకు వద్దాం. వరిగడ్డిలో కొవ్వే ఒకటి, ఒకటిన్నర శాతం. అందులోని లినోలెనిక్ ఎండలోనే చాలావరకు పోయి ఉంటుంది. మాంసకృత్తులు మూడు నాలుగు శాతానికి మించవు. జొన్నచొప్ప కొంత మేలు. సూపర్ నేపియర్ అనే పశుగ్రాసపు గడ్డి విరివిగా వచ్చింది, సంతోషమే. కానీ గడ్డిలోని మంచి కొవ్వంతా ఆకు పచ్చదనంలోనే ఉంటుందన్నది రైతుకు ఎవరూ చెప్పడం లేదు. ఎత్తు పెరిగితే బరువు పెరుగుతుందని మనిషిని మించి ఎదిగేదాకా వదిలేసి, కణుపులు ముదిరాక కోస్తున్నారు. అప్పటికి ఆకు తగ్గి కాడ మిగులుతుంది. నలభై, నలభై అయిదు రోజుల కోతకు రమ్మని, యాసంగిలో కొంత మడిని లూసర్న్‌కు, అలసందకు కేటాయించమని మీ పశువైద్య సిబ్బంది చెప్పినా పెద్ద ఖర్చు లేకుండానే తేడా కనిపిస్తుంది. ఈ ఒక్క సలహా విలువ ఏ సంచి దాణాకూ తీసిపోదని నా అనుభవం.

నూనెగింజల విషయంలో మనకు మరో సౌకర్యం ఉంది. జహీరాబాద్ వైపు నల్లరేగళ్లలో వాన మీద, మంచు మీద ఆధారపడి కుసుమ, అవిసె, శనగ కలిపి వేసే పద్ధతి పాతది. అవిసె నూనెలో సగానికి పైగా లినోలెనిక్ ఆమ్లం. కుసుమ నూనెలో 70 శాతానికి పైగా లినోలిక్. పీచు మేతతో కలిపి ఇస్తే ఈ రెండూ వాక్సెనిక్ దారిని బలపరుస్తాయి. మోతాదు మాత్రం దాటరాదు. రోజుకు 12 కిలోల పొడిమేత తినే బర్రెకు మేతలోని మొత్తం కొవ్వు 6 శాతం, అంటే 720 గ్రాములు మించకూడదు. గడ్డి, చెక్క, తవుడులలోనే దాదాపు సగం వచ్చేస్తుంది కాబట్టి, నలిపిన అవిసె గింజలు అర కిలో దగ్గర ఆపడం క్షేమం. వాటినుంచి వచ్చే నూనె 200 గ్రాములు. మరొక హెచ్చరిక కూడా తప్పనిసరి. పత్తిచెక్క, పల్లిచెక్క రాత్రంతా కుడితిలో నానబెట్టడం మన ఊళ్లలో ఇంటింటి అలవాటు. అవిసె గింజలను గోరువెచ్చని నీళ్లలో అలా నానబెడితే హైడ్రోజన్ సయనైడ్ వెలువడుతుంది. పొడిగా నలిపి వెంటనే పెట్టాలి, లేదా బాగా మరిగే నీటిలో ఉడికించి పెట్టాలి. శాఖ ఎప్పుడైనా అవిసె పంపిణీ మొదలుపెడితే సంచి మీద ఈ మాట పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ఇంత చేస్తే పాలలో ఏం మారుతుంది? అతిశయోక్తి లేకుండా చెప్పాలి. పావు లీటరు బర్రె పాలలో సుమారు 16 గ్రాముల కొవ్వు ఉంటుంది. అందులో లినోలెనిక్ అర శాతం, అంటే 80 మిల్లీగ్రాములు. మేత మార్చి దాన్ని రెట్టింపు చేసినా 160 మిల్లీగ్రాములే. ఇంట్లో ఒక చెంచా అవిసె కారప్పొడిలో దానికి మూడు నాలుగు రెట్లు దొరుకుతుంది. కాబట్టి ‘ఒమేగా-3 పాలు’ అని ప్యాకెట్ మీద వేసి లీటరుకు ఇరవై రూపాయలు ఎక్కువ గుంజే వ్యాపారానికి నా లేఖను ఆధారం చేసుకోవద్దని ముందే మనవి చేస్తున్నాను. అసలు లాభం మరోచోట ఉంది. అదే పావు లీటరులో పామిటిక్ ఆమ్లం అయిదు గ్రాముల దాకా ఉంటే, మేత మార్పుతో దాన్ని నాలుగు గ్రాములకు తేవచ్చు, ఆ స్థానంలోకి ఓలియిక్, వాక్సెనిక్, రుమెనిక్ ఆమ్లాలు వస్తాయి. సంతృప్త కొవ్వుల నుంచి వచ్చే శక్తి మొత్తం శక్తిలో 10 శాతం మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో మళ్లీ చెప్పింది. పొద్దున టీ, మధ్యాహ్నం పెరుగు, పప్పులో నెయ్యి, రాత్రి మజ్జిగ, ఇలా రోజంతా పాల కొవ్వు తినే నగరంలో ఆ ఒక్క గ్రాము తేడా పూటపూటకూ కూడుకుంటుంది. దీనివల్ల గుండెజబ్బులు ఇంత శాతం తగ్గుతాయని మాత్రం నేను లెక్క కట్టి చెప్పలేను, చెప్పేవారిని నమ్మను కూడా.

ఇక డబ్బు లెక్క. నూనెగింజలు వేసిన బర్రెకు వెన్న కొంత తగ్గే అవకాశం ఉంది. 0.3 శాతం తగ్గిందనుకుందాం. కిలో కొవ్వుకు 800 రూపాయల చొప్పున ధర కట్టే కేంద్రంలో లీటరుకు దాదాపు రెండున్నర రూపాయలు పోతాయి. పది లీటర్లు పోసే రైతుకు రోజుకు పాతిక రూపాయలు. గింజల ఖర్చు దానికి అదనం. మేలైన పాలు పోసినందుకు జరిమానా కట్టినట్టవుతుంది. గుణాన్ని బట్టి ప్రోత్సాహకం లేకుండా ఎన్ని శిక్షణ తరగతులు పెట్టినా రైతు విని, టీ తాగి, ఇంటికి వెళ్లి పామ్ కొవ్వు సంచే విప్పుతాడు. లీటరుకు ప్రోత్సాహకం ఇవ్వడం మన రాష్ట్రంలో సమాఖ్యకు కొత్తేమీ కాదు. అందరికీ ఒకేలా ఇచ్చే మొత్తంలో కొంత భాగాన్నైనా గుణానికి ముడిపెట్టమని నా అభ్యర్థన.

ప్రతి రైతు పాలనూ గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌కు, అంటే కొవ్వు ఆమ్లాలను విడదీసి కొలిచే యంత్రానికి, పంపనక్కరలేదు. ఊరి పాలన్నీ చేరే శీతల ట్యాంకుకు, అంటే బల్క్ కూలర్‌కు, నెలకొక నమూనా చాలు. మధ్యస్థ పరారుణ కిరణాలతో పనిచేసే పాల ఎనలైజర్లు సంతృప్త, అసంతృప్త వర్గాల మొత్తాలను నిమిషం లోపే అంచనా వేయగలవు. మన బర్రె పాలకు తగినట్టు వాటిని సరిచూడడానికి మాత్రం కొన్ని వందల నమూనాలను క్రొమటోగ్రాఫ్ మీద ఒకసారి పరీక్షించాలి. ఒక ఊరి బల్క్ కూలర్ పాలలో పామిటిక్ తగ్గితే ఆ ఊరందరికీ ప్రోత్సాహకం పెరగాలి. నివేదికలో ఒక జాగ్రత్త అవసరం. ట్రాన్స్ ఆమ్లాలన్నిటినీ కలిపి ఒకే అంకెగా వేస్తే, వాక్సెనిక్ కూడా ట్రాన్స్ వర్గమే కనుక, పచ్చిమేత తిన్న బర్రె పాలే చెడ్డవిగా కనిపిస్తాయి. ట్రాన్స్-11 (అంటే వాక్సెనిక్), ట్రాన్స్-10 విడివిడిగా చూపాలి. మొదటిది పచ్చిమేతకు గుర్తు, రెండోది పీచు లోపానికి గుర్తు. ఈ రెండు అంకెలు చాలు, ఆ ఊళ్లో పశువులు ఏం తింటున్నాయో ఊరికి వెళ్లకుండానే చెప్పవచ్చు.

దాణా సంచుల మీద ఇప్పుడు ముడి ప్రొటీన్, ముడి కొవ్వు, ముడి పీచు, ఆమ్లంలో కరగని బూడిద అని నాలుగు అంకెలు కనిపిస్తాయి. ముడి కొవ్వు మూడు శాతం అన్నప్పుడు అది తవుడు నూనెదా, పామ్ కొవ్వుదా అన్నది తెలియదు. కొవ్వు మూలాన్ని సంచి మీద రాయించడానికి పైసా ఖర్చు లేదు. సమాఖ్య తన సభ్యులకు సరఫరా చేసే దాణాతోనే మొదలుపెట్టవచ్చు.

మాంసం సంగతి పశుసంవర్ధక శాఖ వారికి ప్రత్యేకంగా. 2019 పశుగణన ప్రకారం కోటీ 90 లక్షల గొర్రెలతో తెలంగాణ దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. 2017లో మొదలైన పంపిణీ పథకంలో ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చారు. సంఖ్య గురించి ఇంత ఆలోచించిన మనం, ఆ మాంసం ఎలా ఉండాలన్నది ఆలోచించలేదు. గొల్లకుర్మల మందల్లో బయళ్ల మీద, కోసిన చేల మీద మేసిన గొర్రె మాంసంలో ఒమేగా-3 వాటా ఎక్కువ. పచ్చిమేత వల్ల విటమిన్ ఇ కూడా ఎక్కువగా ఉండి, మాంసం త్వరగా రంగు మారదు, కొవ్వు త్వరగా మక్కు వాసన వేయదు. నల్లతుమ్మ కాయలు, కొమ్మల ఆకు మేపే వారి అలవాటులోనూ శాస్త్రం ఉంది. వాటిలోని టానిన్లు అనే వగరు పదార్థాలు పెద్దపొట్టలో హైడ్రోజన్ ఎక్కే చివరి మెట్టును నెమ్మదింపజేస్తాయి. మోతాదు మించితే అరుగుదల తగ్గుతుందనేది కాపరులకు మనకంటే బాగా తెలుసు.

బక్రీద్‌కు ముందు శివార్లలో పొట్టేళ్లను కట్టేసి మొక్కజొన్న, గోధుమలు దండిగా పెట్టి రెండు మూడు నెలల్లో బలిపించే పద్ధతి ఈమధ్య బాగా పెరిగింది. గింజలు ఎక్కువైనప్పుడు పెద్దపొట్టలో పిండి పదార్థం పులిసి ప్రొపియోనేట్ అనే ఆమ్లం మితిమీరి పుడుతుంది. కాలేయం దాన్ని పూర్తిగా వాడుకోలేకపోతే కొమ్మలున్న కొవ్వు ఆమ్లాలు తయారై, చర్మం కింది కొవ్వు జిగటగా, మెత్తగా మారుతుంది. ముదురు పొట్టేలు మాంసానికి ఉండే ఘాటు వాసనకు కారణం కూడా ఈ వర్గపు ఆమ్లాలే, ముఖ్యంగా 4-మిథైల్ ఆక్టనాయిక్ ఆమ్లం. వేలితో నొక్కితే గుంట పడే ఆ మెత్తని కొవ్వును చూసి లేత మాంసమనుకునేవారున్నారు. అది మేత తేడా. మంచి కసాయి కత్తి పెట్టగానే చెప్పేస్తాడు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హలీం మన నగరానిది. అందులో పడే మాంసం, పైన పోసే నెయ్యి, రెండింటి కొవ్వూ మేతతోనే తయారవుతున్నది కాబట్టి, ఈ విషయం మీద మొదట మాట్లాడవలసింది కూడా మన నగరమే.

చివరి అరవై, డెబ్బై రోజుల మేతలో గింజల వాటా తగ్గించి, సుబాబుల్ ఆకు, అలసంద, నలిపిన అవిసె చేర్చిన పొట్టేళ్లను, మామూలుగా బలిపించిన వాటితో పోల్చి చూసే పరీక్షను చెంగిచర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థతో కలిసి శాఖ చేపట్టవచ్చు. కోతకు వచ్చిన మాంసాన్ని పరీక్షించే వసతులు, అనుభవం ఆ సంస్థకు ఉన్నాయి. రాజేంద్రనగర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం, నూనెగింజల పరిశోధన సంస్థ పక్కపక్కనే ఉన్నాయి. లాలాపేటలోని సమాఖ్య కార్యాలయానికి తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూతవేటు దూరం. మేత, గింజ, పాలు, మాంసం, మనిషి ఆరోగ్యం, వీటిలో ఒక్కోదానికి ఒక్కో పెద్ద సంస్థ ఒకే ఔటర్ రింగ్ రోడ్డు లోపల ఉన్న నగరం దేశంలో మరొకటి ఉందో లేదో నాకు సందేహమే. వీరంతా ఒక బల్ల చుట్టూ కూర్చోవడానికి ప్రత్యేక నిధులు అక్కరలేదు, ఒక ఉత్తర్వు చాలు. ఆ ఉత్తర్వు మీ ఇద్దరిలో ఎవరు ఇచ్చినా ఫరవాలేదు. ఫైలు ఒకరి బల్ల నుంచి ఒకరి బల్లకు తిరగకుండా ఉంటే అంతే చాలు.

తొలి నమూనాలను నిండు వేసవిలో తీయించండి. అప్పుడు రైతు దగ్గర వరిగడ్డి, చెక్క తప్ప మరేమీ ఉండదు కనుక ఏడాదిలోకెల్లా అధ్వాన్నమైన అంకె మీ చేతికి వస్తుంది. వానలు పడి గట్ల మీద గడ్డి లేచాక తీసే రెండో నమూనాను పోల్చడానికి అది పనికొస్తుంది. రెండు ఫలితాలనూ, ఎలా ఉన్నా సరే, బల్క్ కూలర్ వారీగా, తెలుగులో, పాలు పోసే రైతులకు కనబడేలా సేకరణ కేంద్రాల గోడల మీద పెట్టించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
విశ్రాంత దాణా రసాయనజ్ఞుడు,
హబ్సిగూడ, హైదరాబాద్.